తలుపు మీద పేరు

బ్లూబుష్ క్రీక్,
ఫిబ్రవరి

మైసీ అక్కకి,

నీ బస్సు మలుపు తిరిగాక కూడా పిల్లాడు గేటు పట్టుకుని నిలబడే ఉన్నాడు. ఏడవలేదు. లోపలికి రారా అంటే, "నానమ్మకి కిటికీ సీటు దొరికిందా?" అన్నాడు. దొరికిందన్నాను. అప్పుడొచ్చి రొట్టె తిన్నాడు. నీ కిడ్నీల సంగతి నువ్వు చూసుకో. వీడి సంగతి నాకు వదిలెయ్. నీ కొడుకు నాకూ కొడుకే, వాడి కొడుకు నాకూ మనవడే. మనలో అది వేరే చెప్పుకునే మాట కాదు.

ఫోన్ చేసుకోవచ్చుగా అని మీ హాస్టల్ నర్సు అడిగిందట. తెరిస్తే పోయిన మన కొడుకు మొహం కనపడుతుందని నువ్వు ఫోను దుప్పట్లో చుట్టి పెట్టెలో పడేశావని ఆవిడకేం తెలుసు. ఉత్తరాలే రాసుకుందాం. మిషన్ బడిలో చేతులు వాచేలా కొట్టి నేర్పిన రాత, ఇన్నాళ్ళకి పనికొస్తోంది.

పిల్లాణ్ణి నాతోపాటు నేను పనిచేసే పిల్లల సెంటరుకి తీసుకెళ్తున్నాను. మా పెద్ద మేడం బ్రొన్విన్ నన్ను పక్కకి పిలిచింది. "హాజరు పిలిస్తే వాడు పలకడం లేదు కోరల్, చెవుల్లో ఏమైనా ఇబ్బందా?" అంది. చెవులు బాగానే ఉన్నాయి, పేరుతోనే ఇబ్బంది అన్నాను. మాలో మనిషి పోతే ఆ పేరు ఏళ్ళ తరబడి నోటితో అనం, అంటే పోయినవాడు వెనక్కి తిరిగి చూస్తాడు, ముందుకి వెళ్ళలేడు, పోయినవాణ్ణీ, అదే పేరున్న మిగతావాళ్ళనీ కుమంజాయి అనే అంటాం, వీడికి తండ్రి పేరే పెట్టుకున్నాం కాబట్టి వీడిప్పుడు కుమంజాయి అని విడమరిచి చెప్పాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని కళ్ళు తుడుచుకుంది. ఎంత గొప్ప ఆచారం అంది. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడమెందుకు.

మా సెంటరు ఈ ఏడు సయోధ్య ప్రణాళిక అని ఒకటి రాస్తోంది. మనవాళ్ళకి జరిగినదానికి మన్నింపుగా ఏమేం చేస్తారో అందులో ఉంటుంది. కమిటీలో నల్ల మొహం నాదొక్కటే. రోజూ పొద్దున పళ్ళ ముక్కలు తినేముందు పిల్లలంతా చుట్టూ కూర్చుని, ఈ నేల అసలు హక్కుదారులకు దండం అని పాటలా చెప్తారు. తెల్లపిల్లలు కూడా.

మన కొడుకు వేసిన ఉడుము బొమ్మ సెంటరు గోడ మీద అలాగే ఉంది. పిల్లాడు రోజూ వెళ్ళి దాని తోక మీద చెయ్యి పెట్టి వస్తాడు.

నీ చెల్లెలు
కోరల్


ఆలిస్ స్ప్రింగ్స్, కిడ్నీ హాస్టల్,
మార్చి

కోరల్,

వారానికి మూడుసార్లు నా రక్తం మొత్తం బయటికి తీసి, ఉతికి, మళ్ళీ లోపల పోస్తున్నారు. ఉతికిన బట్టే నయం, ఆరేశాక కాస్త ఎండ తగులుతుంది. ఇక్కడ తిండికి ఉప్పు లేదు, కూర్చోడానికి మంట లేదు. పక్క మంచం ఆవిడ కలలో కంగారూ తోక కాల్చుకుంటుంది, నిద్రలో నములుతుంది. నాకు వినపడుతుంది.

ఆ బ్రొన్విన్ ఏడ్చిందన్నావు. తెల్లవాళ్ళు మనకోసం ఏడ్చినప్పుడల్లా నాకు భయమే. ఏడ్చాక ఊరుకోరు. ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుంది వాళ్ళకి. మన అమ్మ వాళ్ళ అక్కని చిన్నప్పుడు, మన పిల్లల్ని లాక్కుపోయే ఆ వెల్ఫేర్ బండి ఎక్కించుకున్న రోజు కూడా, వచ్చిన దొరసాని ఏడ్చిందని అమ్మ చెప్పేది గుర్తుందా? రుమాలు కూడా ఇచ్చిందట, తుడుచుకోమని.

నేలకి దండం పెట్టాక నేలేమైనా వెనక్కిస్తారా, అరటిపండు ముక్కతోనే సరా? అడిగి చెప్పు.

పిల్లాడి విషయం ఒక్కటే చెప్తాను, చెవిన పెట్టుకో. వాణ్ణి కుమంజాయి అనే పిలవాలి. లేదా మన వరస పేరు, జంగాలా అను. మరో మాట వద్దు. వాడి నాన్న ఇంకా దారిలో ఉన్నాడు. కారు బోల్తా పడి పోయినవాడు మెల్లగా నడుస్తాడు. వెనకనుంచి ఎవరూ పిలవకూడదు.

నువ్వున్నావు కాబట్టే ఇక్కడ నాకు నిద్ర పడుతోంది.

మైసీ


బ్లూబుష్ క్రీక్,
ఏప్రిల్

అక్కా,

అరటిపండు ముక్కతోనే సరి. అడగలేదు, నవ్వుకున్నాను.

ఇక్కడ కొత్త గొడవ మొదలైంది. ఎక్కడో ఒక సెంటరులో ఎవరి పిల్లనో ఎవరికో అప్పగించారట, పేపర్లో వేశారు. దాంతో మాకూ పిల్లల భద్రత అని రూలు పెట్టారు. సాయంత్రం గేటు దగ్గరికి ఎవరొచ్చినా పిల్లాడి పూర్తి పేరు, రిజిస్టర్లో ఉన్నట్టుగా, నోటితో చెప్పాలి. పిల్లాడు ఆ పేరుకి పలకాలి. అప్పుడే అప్పగిస్తారు. నువ్వు కంగారు పడకు. నేను స్టాఫ్‌ని కదా, నన్నెవరూ అడగరు. వాడు నా చెయ్యి పట్టుకుని వెనక తలుపులోంచి వచ్చేస్తాడు.

ఇంకొకటి. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపాను. గదులకి కంగారూ గది, కోలా గది అని పేర్లున్నాయి కదా, అవి తీసేసి ఇక్కడివాళ్ళ పేర్లు పెడతారట, సయోధ్య కోసం. చంటిపిల్లల గదికి మన కొడుకు పేరు పెడదామని బ్రొన్విన్ అంది. గోడకి బొమ్మ వేసిపెట్టాడు, అందరికీ ఇష్టం, పెద్ద అక్షరాలతో తలుపు మీద రాయిద్దాం అంది. నేను నోరు తెరిచేలోపు అందరూ చప్పట్లు కొట్టేశారు. ఆపిస్తాను. మాటిస్తున్నాను.

కోరల్


ఆలిస్ స్ప్రింగ్స్,
ఏప్రిల్

కోరల్,

చప్పట్లు కొడితే నీ నోరు పడిపోయిందా?

మొన్ననేగా ఆవిడకి విడమరిచి చెప్పానన్నావు. గుండె మీద చెయ్యి కూడా వేసుకుందిగా. ఆ చేత్తోనే రాయిస్తోందా తలుపు మీద? పేరు నోటితోనే అనకూడదంటే, పసిపిల్లలు పాలు తాగేచోట రంగులు వేసి రాస్తారా? నా కొడుకు చచ్చాక కూడా వాళ్ళకి జీతం లేకుండా పనిచెయ్యాలా?

నువ్వు నెమ్మదస్తురాలివి. చిన్నప్పుడు కూడా దెబ్బ నాకు పడేది, ఏడుపు నువ్వు ఏడ్చేదానివి. ఈ ఒక్కసారికి గొంతు పెంచు. వద్దు అను. రెండక్షరాలు. ఉద్యోగం ఊడదు. ఊడితే ఊడుతుంది.

మే చివర్లో ఏదో సయోధ్య వారం ఉందట, ఆ రోజుల్లో వస్తాను. రక్తం ఉతికే మెషీను ఒక పూట ఆగుతుందిలే. పిల్లాణ్ణి చూసి చాలా రోజులైంది. నువ్వు ఉత్తరంలో వాడి గురించి రాసేది ఒక ముక్క, సెంటరు గురించి రాసేది ఒక పేజీ.

మైసీ


బ్లూబుష్ క్రీక్,
మే

అక్కా,

ఇంక నిశ్చింతగా ఉండు. ఆ గది మాట ఆగిపోయింది. బ్రొన్విన్‌తో గట్టిగా చెప్పాను. ఆవిడ అర్థం చేసుకుంది. కంగారూ గది కంగారూ గదిగానే ఉంటుంది.

నువ్వు మాత్రం రావద్దు. బస్సులో అంతసేపు కూర్చుంటే కాళ్ళు వాస్తాయి, మెషీను తప్పితే ఊపిరాడదు, డాక్టరు కోప్పడతాడు. వాడు బాగున్నాడు. బంతి తన్నడం నేర్చుకున్నాడు, చెప్పులు మాత్రం వేసుకోడు. కుమంజాయి అంటేనే పలుకుతాడు. సెంటరులో కూడా అందరూ అలాగే పిలుస్తున్నారు, ఎంత ముద్దుగా అంటారో.

నాకో మంచి మాట ఉంది. సెంటరుకి సాంస్కృతిక సలహాదారు అని కొత్త పోస్టు వస్తోంది. నన్నే అనుకుంటున్నారు. సయోధ్య వారంలో టౌన్ హాల్లో స్వాగతం చదివేది కూడా నేనే. మిషన్ బడిలో మూల నిలబడ్డదాన్ని, మేయరు పక్కన నిలబడతాను. నీకు సంతోషమేనా?

జూన్‌లో పిల్లాణ్ణి నేనే తీసుకొస్తాను. నువ్వు కదలకు.

కోరల్


ఆలిస్ స్ప్రింగ్స్, ఆసుపత్రి,
జూన్

కోరల్,

నర్సు దిండు ఎత్తుపెట్టింది కాబట్టి రాయగలుగుతున్నాను.

నేనొచ్చాను. అది నీకు తెలుసు. ఏం జరిగిందో ఎవరెవరో చెప్పి ఉంటారు. నా నోటితో కూడా విను.

బస్సు దిగి నేరుగా సెంటరుకే వెళ్ళాను. నీ ఇంటికొచ్చి ఉంటే బాగుండేది. పిల్లాడికి సంతోషంగా ఉంటుందని అటు వెళ్ళాను. గేటు దాటి అద్దాల్లోంచి చూస్తే ఎదురుగా తలుపు. తలుపు మీద నా కొడుకు పేరు. ఎరుపు, పసుపు, నలుపు. ఒక్కో అక్షరం నా అరచెయ్యంత. చుట్టూ కాగితం పూలు. కొడుకు శవాన్ని చూసినప్పుడు కూడా నిలబడ్డదాన్ని, అక్కడ గోడ పట్టుకున్నాను.

లోపల బల్ల దగ్గర టేగన్ అని అక్కడ పనిచేసే చిన్నమ్మాయి ఉంది. మర్యాదస్తురాలే. మంచినీళ్ళు ఇచ్చింది. నా మనవణ్ణి ఇవ్వమ్మా, తీసుకెళ్తాను అన్నాను. "అలాగే ఆంటీ, పిల్లాడి పూర్తి పేరు చెప్పండి" అంది. కుమంజాయి అన్నాను. "అలాంటి పేరు మా రిజిస్టర్లో లేదండీ" అంది. సెంటరులో అందరూ ముద్దుగా అలాగే పిలుస్తారని నువ్వు రాశావు. జంగాలా అన్నాను. తల అడ్డంగా ఊపింది. నా మనవడే, అడుగో బంతి పట్టుకున్నవాడు, చెప్పుల్లేనివాడు అన్నాను. "పేరు చెప్తే ఇచ్చేస్తాను ఆంటీ, ఒక్క పేరే కదా" అంది. పేరు దాని నెత్తిమీదే ఉంది, తలుపు మీద. చూపించలేను, చదవలేను.

వాడు నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు. మధ్యలో చిన్న గేటు అడ్డం. "నానమ్మా, తెరువు" అన్నాడు. నేనెలా తెరుస్తాను?

టేగన్ ఎవరికో ఫోన్ చేసింది. మాట్లాడాక, "సారీ ఆంటీ, ఇవ్వలేను" అంది. అప్పుడు నాకు ఒళ్ళు తెలియలేదు. బల్ల మీద పిల్లల రంగుల గిన్నె ఉంటే తీసి ఆ తలుపు మీద అక్షరాలన్నీ చేత్తో పులిమేశాను. పోయినవాళ్ళ ఫొటో కప్పినట్టే కప్పాను, అంతే. పిల్లలు ఏడ్చారు. తలుపులన్నీ మూసేశారు. పోలీసులొచ్చారు. పిల్లాణ్ణి ఎత్తుకుపోబోయిన ముసలిది అని రాసుకున్నారు. రంగు చేతులతోనే బండి ఎక్కించారు. మెషీను తప్పింది, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళొచ్చాయి, అందుకే ఈ మంచం.

వాణ్ణి వెల్ఫేరు తీసుకెళ్ళిందని ఇక్కడికొచ్చాక చెప్పారు. కాగితాల్లో వాడి పెంపకం నా పేరున ఉంది, నేనేమో పోలీసు కేసు, కాబట్టి మనవాళ్ళెవరికీ ఇవ్వరట.

ఒక్కటి చెప్పు. ఆ అమ్మాయి ఫోన్ చేసింది ఎవరికి?

మైసీ


బ్లూబుష్ క్రీక్,
జూన్

అక్కా,

టేగన్ నాకే చేసిందట. నేను స్టేజీ మీద ఉన్నాను. ఫోను బ్యాగులో, బ్యాగు కుర్చీ కింద. మోగడం వినలేదు. వినుంటే పరిగెత్తుకుని రానా? నువ్వే చెప్పు.

గది పేరు సంగతి దాచాను. ఒప్పుకుంటున్నాను. కుటుంబం తరఫున సరే అన్నది నేనే. ఆవిడ అందరి ముందూ అడిగింది, కాదంటే ఆ పోస్టు పోతుంది, పోస్టు పోతే ఇల్లు గడవదు. మనవాళ్ళు చావుకి వచ్చినవాళ్ళు వచ్చినట్టే నా పెరట్లో పరుపులేసుకుని ఉన్నారు, వాళ్ళకి టీ కాచేది ఎవరు? నువ్వు మెషీను మీద పడుకుని ఆచారం చెప్తావు, అది మొయ్యాల్సింది నేను. వాడికి జ్వరమొస్తే ఎవరు కూర్చున్నారు? పక్క తడిపితే ఎవరు ఉతికారు? ఉత్తరం రాయడం తేలిక.

ఇంకా నిజం చెప్పమంటావా. నువ్వు పేరు చెప్పి ఉండొచ్చు. ఒక్కసారి. ఆ చెవిటి తలుపుకి తప్ప ఎవరికీ వినపడేది కాదు. చెప్పి ఉంటే వాడు ఆ రాత్రి నీ పక్కన పడుకునేవాడు. చచ్చినవాడు నడుస్తున్నాడని బతికున్నవాణ్ణి వదులుకున్నావు. నేను దాచాను సరే, వదులుకున్నది మాత్రం నువ్వే.

వెల్ఫేర్ ఆఫీసు వాళ్ళు నిన్ను పిలుస్తారట. వెళ్ళు. ఈసారైనా చెప్పు. తగ్గు అక్కా, వాడికోసం తగ్గు.

కోరల్


ఆలిస్ స్ప్రింగ్స్, హాస్టల్,
జూలై

కోరల్,

వెళ్ళాను. తగ్గాను.

బల్లకి అవతల ఆఫీసరమ్మ, ఇవతల నేను. గోడ మీద చుక్కల ముగ్గులా మనవాళ్ళ బొమ్మ, ఈ నేల హక్కుదారులకు దండం అని కింద రాసి. పిల్లాణ్ణి డార్విన్‌లో ఎవరో దంపతుల దగ్గర పెట్టారట, ఆ రోజు విమానంలో తెచ్చారు. తల నున్నగా దువ్వారు. కాళ్ళకి బూట్లున్నాయి.

"మీ ఇంట్లో అందరూ తలోరకంగా పిలుస్తున్నారు, వాడు అయోమయంలో ఉన్నాడు. వాణ్ణి వాడి పేరుతో పిలవగలరని మాకు నమ్మకం కలగాలి" అంది. కఠినంగా అనలేదు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. నీళ్ళు చూడగానే నాకు అర్థమైంది, ఇవ్వరని. అయినా చెప్పాను.

కళ్ళు మూసుకుని పిలిచాను. పూర్తి పేరు. నా గొంతు నాకే వినపడలేదు. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఎక్కడో నడుస్తున్న నా కొడుకు ఆగి వెనక్కి తిరిగాడు. నువ్వు నమ్మకు, నీ ఇష్టం. నాకు వీపు మీద తెలిసింది.

కళ్ళు తెరిచేసరికి మనవడు నిటారుగా నిలబడి చెయ్యి పైకెత్తాడు. "ప్రెజెంట్ మిస్" అన్నాడు.

తడుముకోలేదు వాడు. నెలల తరబడి అలవాటైనట్టు అన్నాడు. ఎవరు నేర్పార్రా అని అడిగాను. "కోరల్ నానమ్మ. గేటు దగ్గర కూడా అలాగే చెప్తుంది. నీకు చెప్పొద్దంది" అన్నాడు.

స్టాఫ్‌ని కదా, నన్నెవరూ అడగరన్నావు. రోజూ చెప్పావన్నమాట. నేనిక్కడ నోరు కట్టేసుకుని పడుకున్నన్ని రోజులూ, నువ్వు సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర నిలబడి నా కొడుకుని వెనక్కి పిలిచావు.

వాణ్ణి ఇవ్వలేదు. నా ఒంట్లో బాగోలేదట, పద్దెనిమిదేళ్ళొచ్చేదాకా డార్విన్ వాళ్ళ దగ్గరే ఉంటాడట. వెళ్ళేటప్పుడు నాకు చెయ్యూపాడు. బూట్ల చప్పుడు మెట్ల దాకా వినపడింది.

మైసీ


బ్లూబుష్ క్రీక్,
ఆగస్టు

అక్కా,

నీ ఉత్తరం చదివి బాత్రూములో కూర్చుని ఏడ్చాను. డార్విన్ వాళ్ళకి ఫోన్ చేశాను, మాట్లాడనివ్వలేదు.

తలుపు మీద పేరు మళ్ళీ రాయించారు. మొన్న కమిటీలో తీసేయమని అడిగాను, నిజంగా అడిగాను. ప్రణాళిక అచ్చయిపోయింది కోరల్, ఇప్పుడు తీస్తే మీవాళ్ళనే అవమానించినట్టు అవుతుంది అంది బ్రొన్విన్. పోస్టు నాకే ఇచ్చారు. నాకో గది ఇచ్చారు, ఏసీ ఉంది. దాని కిటికీలోంచి ఉడుము కనపడుతుంది. తోక దగ్గర రంగు పోయింది, రోజూ వాడు చెయ్యి పెట్టినచోట.

నన్ను తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు. ఉత్తరం మాత్రం రాయి. మన ఊళ్ళో ఎవరూ నా ఫోన్ ఎత్తడం లేదు. తమ్ముడు కూడా. ఏమైంది వాళ్ళకి?

నీ కోరల్


ఆలిస్ స్ప్రింగ్స్,
ఆగస్టు

కుమంజాయికి,

ఆ పేరు ఎవరికి వస్తుందో నువ్వే కదా మొదటి ఉత్తరంలో బ్రొన్విన్‌కి విడమరిచి చెప్పానన్నావు. నేను వేరే చెప్పక్కర్లేదు.

టేగన్ ఫోను స్పీకరులో పెట్టింది. చేతిలో బిడ్డ ఉంది, ఇంకో చెయ్యి ఖాళీ లేక పెట్టింది. నేను బల్లకి ఇవతలే ఉన్నాను. "ఇక్కడో పెద్దావిడ వచ్చారు, పిల్లాడి నానమ్మనంటున్నారు, పేరు చెప్పలేకపోతున్నారు" అంది. ఎలా ఉందని అడిగింది నీ గొంతు. గళ్ళ దుప్పటి కప్పుకున్నారు, కాళ్ళు వాచి ఉన్నాయి అంది. ఆ గళ్ళ దుప్పటి నువ్వు కొనిచ్చిందే. వెనకాల ఎవరో మైకులో స్వాగతం అంటున్నారు. తర్వాత నువ్వన్నావు, "నాకు తెలియదు టేగన్. రూలు ప్రకారం చెయ్యి."

ఫోన్ ఎవరికని ఉత్తరంలో అడిగింది నీకొక దారి ఇద్దామని. చెప్పుంటే తిట్టి ఊరుకునేదాన్ని. నా చెల్లెలివి కదా.

ఊళ్ళో అందరికీ కబురు పెట్టాను. నీ ఫొటోలు గోడవైపు తిప్పారు. నీ పేరు నోట పలకరు, అందుకే ఫోన్ ఎత్తరు. తమ్ముడి మనవరాలికి నీ పేరే పెట్టుకున్నాం కదా, ఇప్పుడు దాన్నీ కుమంజాయి అంటున్నారు. ఎందుకని అడిగిందట. మీ చిన్న నానమ్మ పోయిందమ్మా అన్నారట. పాపం, చాలాసేపు ఏడ్చిందట. నువ్వంటే దానికి ఇష్టం.

నేనూ ఏడ్చాను. చెయ్యాల్సినవన్నీ చేశాను, తక్కువ చెయ్యలేదు. జుట్టు కత్తిరించుకున్నాను. పక్క మంచం ఆవిడ నాతో కూర్చుని ఏడ్చింది. మెల్లగా నడు. వెనక్కి చూడకు, ఎవరూ పిలవరు.

కవరు మీద పేరు నర్సు చేత రాయించాను. రాస్తూ రాస్తూ పైకి చదవబోయింది. చదవకమ్మా, ఆవిడ పోయింది అన్నాను. అయ్యో, ఎప్పుడు అంది. మే నెలలో అన్నాను.

మైసీ